పాత కార్డు – కొత్త కార్డు: కంప్యూటరు తెర వెనుక కథ

హైదరాబాదు నుండి పూనా పోయే రహదారి మీద రామచంద్రాపురము, పటాన్‌చెరు, ఇస్నాపూరు, రుద్రారము దాటి సంగారెడ్డి వైపు సాగితే, పట్టణము రాకముందే కంది అనే ఊరు వస్తుంది. దారి పొడవునా కర్మాగారాలే. రామచంద్రాపురములో విద్యుత్కేంద్రాలకు కావలసిన భారీ యంత్రాలు తయారవుతాయి. పటాన్‌చెరులో మందులు, రసాయనాలు చేస్తారు. ఈ వరుసలో కందికి ఒక ప్రత్యేకత ఉన్నది. అక్కడ తయారయ్యే సరుకు లెక్కలు. 2008లో ఎద్దుమైలారములోని ఆయుధ కర్మాగారపు ఆవరణలో మొదలైన హైదరాబాదు ఐ.ఐ.టి. 2015 నాటికి కందిలోని సొంత ఆవరణకు తరలి వచ్చినది. జాతీయ సూపర్ కంప్యూటింగు మిషన్ క్రింద నెలకొల్పిన 'పరమ్ సేవ' అనే మహాగణకము ఇక్కడనే ఉన్నది. దాని గరిష్ఠ శక్తి సెకనుకు 838 టెరాఫ్లాప్‌లు. టెరా అనగా లక్ష కోట్లు. కావున ఇది సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు అన్నమాట.

ఇంత వేగము ఎట్లా వచ్చినది? సామాన్యమైన ప్రాసెసర్లతో పాటు ఇటువంటి యంత్రాలలో 'గ్రాఫిక్స్ ప్రాసెసర్లు' అనే కార్డులు ఉంటాయి. గ్రాఫిక్స్ అనగా బొమ్మలు గీయడము. ఈ మిషన్ క్రింద తొలి దశలలో కట్టిన పరమ్ యంత్రాలలో, అనగా వారణాసిలోని పరమ్ శివాయ్, ఖరగ్‌పూరులోని పరమ్ శక్తి, బెంగళూరులోని పరమ్ ప్రవేగ వంటి వాటిలో, వాడిన కార్డు పేరు వి100. దీనిని ఎన్విడియా అనే అమెరికా కంపెనీ 2017లో విడుదల చేసినది. ఆ కార్డును చేతిలోకి తీసుకుని నాలుగు వైపులా తిప్పి చూస్తే ఒక వింత కనబడుతుంది. దానికి తెరను తగిలించే రంధ్రమే లేదు! బొమ్మలు గీయడానికి పుట్టిన కార్డు బొమ్మను చూపే దారినే వదులుకున్నది. ఈ మార్పు ఎట్లా జరిగినదో, 2017 నాటి కార్డుకు 2020 నాటి కార్డుకు నిజమైన భేదమేమిటో చూడడమే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదటి కార్డులు లెక్కలు చేసేవి కావు. 1981లో ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటరుతో పాటు వచ్చిన రంగుల కార్డు, సి.జి.ఎ., ముఖ్యముగా ఒక చిన్న మెమరీ, దానిని చదివి తెరకు పంపే వలయము మాత్రమే. తెర మీద అడ్డముగా 320, నిలువుగా 200 చుక్కలు. మొత్తము 64,000. ఒక్కొక్క చుక్కకు నాలుగు రంగులలో ఒకటి ఎన్నుకోవడానికి 2 బిట్లు చాలును. 64,000ను 2తో హెచ్చవేసి 8తో భాగిస్తే 16,000 బైట్లు. కార్డులోని మెమరీ 16 కిలోబైట్లు! కొలిచి కుట్టిన చొక్కావలె సరిపోయినది. ఏ చుక్క ఏ రంగులో ఉండాలో నిర్ణయించేది కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరే. కార్డు దానిని చూపేది, అంతే. 1987లో వచ్చిన వి.జి.ఎ. కూడా మూలములో ఈ పద్ధతిదే. చుక్కలు 640, 480కి పెరిగినవి. మెమరీ 256 కిలోబైట్లు అయినది.

తెలుగువారికి ఈ కాలములో వేరొక చిక్కు ఉండేది. ఆనాటి కంప్యూటర్లలో ఎక్కువ పని అక్షరాల తెర మీదనే జరిగేది. వి.జి.ఎ. అక్షరాల తెరలో 80 నిలువు వరుసలు, 25 అడ్డు వరుసలు. గళ్ళ కాగితమువలె ప్రతి గడిలో ఒక్క అక్షరము. గడి కొలత మారదు. సాధారణముగా కార్డు ఒకేసారి చూపే అక్షరరూపాలు 256 మాత్రమే. ఇంగ్లీషుకు ఇది పుష్కలము. మన 'స్త్రీ'ని ఇందులో ఇరికించడము ఎట్లా? సకారము క్రింద తకారపు వత్తు, దాని ప్రక్కన రకారపు వత్తు, పైన గుడిదీర్ఘము. ఇవన్నీ ఒకే గడిలో పట్టవు. రెండు గళ్ళలో పెడితే అతకవు.

దీనికి పరిష్కారము కూడా ఒక కార్డు రూపములోనే వచ్చినది. కాన్పూరు ఐ.ఐ.టి.లో దేవనాగరి మీద మొదలైన కృషి, 1988లో పూనాలో సి-డాక్ సంస్థ ఏర్పడిన తరువాత 'జిస్ట్' అనే కార్డుగా రూపొందినది. కంప్యూటరులోని ఖాళీ గాడిలో ఈ కార్డును బిగిస్తే, ఇంగ్లీషు కోసము వ్రాసిన ప్రోగ్రాములలోనే తెలుగు, హిందీ, తమిళము టైపు చేయవచ్చును. దీనిలోని కిటుకు ఏమిటంటే, మెమరీలో దాచేది అక్షరము ఆకారము కాదు, దాని ఉచ్చారణ క్రమము. 'స్త్రీ' అనగా స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము. మొత్తము ఆరు సంకేతాలు, ఆరు బైట్లు. వాటిని చదివి వత్తులు ఎక్కడ పెట్టాలో, గుడిదీర్ఘము ఎక్కడ వ్రాయాలో తేల్చే పని కార్డుది. ఈ సంకేత పద్ధతినే 'ఇస్కీ' అన్నారు. 1991లో అది భారతీయ ప్రమాణముగా స్థిరపడినది. అనేక భారతీయ భాషలకు ఒకే సంకేతము కావడము వలన తెలుగులో టైపు చేసిన పేరును ఒక్క మీట నొక్కి కన్నడ లిపిలో చూడగలిగేవారు. తెర మీది బొమ్మకు, భాషా నియమానికి మధ్య లెక్క చేసే కార్డు మన దేశములో మనమే చేసుకున్నాము. గ్రాఫిక్స్ చరిత్ర వ్రాసే విదేశీయులు దీనిని చెప్పరు గాని, మనము చెప్పుకోవలసినదే. తరువాత కంప్యూటరు మొత్తము తెరనే బొమ్మగా గీసే పద్ధతికి మారినప్పుడు జిస్ట్ కార్డు అవసరము తీరిపోయినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.లో 'గౌతమి' అనే తెలుగు అక్షరమాల లోపలనే అమర్చి వచ్చినది.

ఇక ప్రపంచములో కార్డు లెక్కలు నేర్చుకున్నది ఆటల కోసము. ఒక కొండను గాని గుర్రాన్ని గాని తెర మీద మూడు కొలతలలో చూపాలంటే, దాని ఉపరితలాన్ని వేల త్రిభుజాలుగా కోస్తారు. చూసేవాని కన్ను కదిలినప్పుడల్లా ప్రతి త్రిభుజము మూడు శీర్షాలనూ తిరిగి లెక్కించాలి. ఇది మీరు పై తరగతులలో చదివే మాత్రికల గుణకారమే. తరువాత త్రిభుజము లోపలి ప్రతి చుక్కకూ వెలుగు ఎంత, నీడ ఎంత అని తేల్చాలి. నేటి సాధారణమైన తెరలో 1,920 అడ్డము, 1,080 నిలువు. మొత్తము 20,73,600 చుక్కలు. కదలిక సాఫీగా కనబడడానికి సెకనుకు 60 బొమ్మలు కావాలి. అనగా సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయించాలి. ఒక్కడు చేయగల పని కాదు ఇది.

1996లో 3డిఎఫ్‌ఎక్స్ కంపెనీ వూడూ కార్డు త్రిభుజాలను నింపే పని తన మీద వేసుకున్నది. 1999లో ఎన్విడియా జిఫోర్స్ 256 శీర్షాల లెక్కను కూడా ప్రధాన ప్రాసెసరు నుండి తీసుకున్నది. 'గ్రాఫిక్స్ ప్రాసెసరు' అనే మాట వ్యాప్తిలోకి తెచ్చినది ఈ కార్డే. దీనిలో ట్రాన్సిస్టర్లు రెండు కోట్ల ప్రాంతము. ఈ రంగములో పేరెన్నికగన్నవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడని విద్యార్థులు తెలుసుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయములో ఇంజనీరింగు చదివిన రాజా కోడూరి ఎస్3, ఏటిఐ, ఆపిల్ సంస్థలలో పనిచేసి, 2013 నుండి 2017 వరకు ఏఎండిలోనూ, తరువాత 2023 వరకు ఇంటెల్‌లోనూ గ్రాఫిక్స్ విభాగాల నాయకత్వము వహించాడు. ఏఎండి 2017లో విడుదల చేసిన వేగా కార్డులు ఆయన నాయకత్వములో వచ్చినవే.

చుక్కల లెక్కలో ఒక సౌలభ్యమున్నది. ఎడమ మూల చుక్క రంగు తెలియడానికి కుడి మూల చుక్క రంగు తెలియనక్కరలేదు. అన్నిటికీ సూత్రము ఒకటే. సంఖ్యలు మాత్రమే వేరు. పాఠశాలలో డ్రిల్లు మాష్టరును తలచుకోండి. ఆయన ఒక్కసారి 'చేతులు పైకి' అంటాడు; వరుసలోని 32 మంది ఒకేసారి చేతులెత్తుతారు. ఒక్కొక్కనికి ఒక్కొక్క మాష్టరు అక్కరలేదు. గ్రాఫిక్స్ ప్రాసెసరులో జరిగేది సరిగా ఇదే. 32 అనే సంఖ్యను కూడా నేను ఊరికే చెప్పలేదు. ఎన్విడియా కార్డులలో ఒక ఆజ్ఞకు కదిలే దళములో ఉండేది 32 లెక్కలే. ప్రధాన ప్రాసెసరు దీనికి విరుద్ధముగా ఒక నిపుణుడైన గుమాస్తా వంటిది. 'ఇట్లా అయితే అట్లా, లేకపోతే ఇట్లా' అనే చిక్కు నిర్ణయాలు అతడు చకచకా తీసుకుంటాడు. డ్రిల్లు వరుసలో 'చొక్కా తెల్లనిదైన వారు కుడికి, తక్కినవారు ఎడమకు' అని చెప్పినారనుకోండి. మొదటివారు తిరిగేటప్పుడు తక్కినవారు ఊరక నిలబడాలి. తరువాత వీరు తిరిగేటప్పుడు వారు నిలబడాలి. కాలము రెట్టింపు అవుతుంది. కార్డు కూడా ఇట్లాగే నష్టపోతుంది. ఈ మాటను గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉన్నది.

2006లో వచ్చిన జిఫోర్స్ 8800 ఈ కథలో మలుపు. అంతకు ముందు కార్డులో శీర్షాల లెక్కకు కొన్ని విభాగాలు, చుక్కల లెక్కకు వేరే విభాగాలు ఉండేవి. ఇందులో అన్నిటినీ కలిపి ఏ పనైనా చేయగల 128 సమానమైన కోర్లు పెట్టారు. కోరు అనగా ఒక లెక్క చేసే అంగము. ఒక్కొక్క కోరు ప్రతి గడియార స్పందనలో ఒక హెచ్చవేత, ఒక కూడిక చేస్తుంది. స్పందనలు సెకనుకు 135 కోట్లు. 128ని 2తో, 135 కోట్లతో హెచ్చవేయండి: 34,560 కోట్లు. పోలికకు ఒక మాట. 1991లో సి-డాక్ నిర్మించి దేశానికి గర్వకారణమైన పరమ్ 8000 మహాగణకము శక్తి సుమారు 100 కోట్లు. రెంటి లెక్కల సూక్ష్మత ఒకటి కాదు గనుక ఈ పోలికను మరీ సాగదీయరాదు గాని, ఆటబొమ్మగా అమ్మిన కార్డులో ఎంత శక్తి దాగి ఉన్నదో తెలుస్తుంది.

ఆ శక్తిని బొమ్మలు కాని పనులకు వాడుకోవడము అంతకు ముందు బహు కష్టము. అణువుల చలనాన్ని లెక్కించాలన్నా దానిని ఒక బొమ్మ గీస్తున్నట్లు కార్డును నమ్మించవలసి వచ్చేది. స్టాన్‌ఫర్డులో ఇయన్ బక్ మొదలైనవారు 2004లో బ్రూక్ అనే భాషతో ఈ బాధను కొంత తీర్చారు. బక్ తరువాత ఎన్విడియాలో చేరాడు. 2007లో 'కుడా' అనే సాధనము విడుదలైనది. దానితో సామాన్యమైన సి భాష వచ్చిన విద్యార్థి కూడా కార్డు చేత లెక్కలు చేయించగలిగాడు. 2012లో టొరంటో విశ్వవిద్యాలయములో ముగ్గురు పరిశోధకులు 12 లక్షల ఛాయాచిత్రాలను చూపి, అందులో ఏముందో గుర్తించడము ఒక యంత్రానికి నేర్పారు. వారు వాడినది ఆటల కోసము దుకాణములో అమ్మే రెండు కార్డులు, పట్టినది అయిదారు రోజులు. కృత్రిమ మేధ అని నేడు విస్తారముగా వినబడుతున్న విద్యకు కార్డుతో పెండ్లి అయినది అప్పుడే.

ఇప్పుడు మన రెండు కార్డుల దగ్గరకు వద్దాము. పాతది 2017 నాటి వి100, వోల్టా తరము. కొత్తది 2020 నాటి ఏ100, యాంపియర్ తరము. 2020లో పూనాలోని సి-డాక్‌లో నెలకొల్పిన పరమ్ సిద్ధి-ఎఐలో ఉన్నది ఈ రెండవదే. అదే సంవత్సరము కంది ఐ.ఐ.టి., ఎన్విడియా కలిసి ఒక కృత్రిమ మేధా కేంద్రాన్ని ప్రకటించినవి. వ్యవసాయము, నగర నిర్వహణ, భాషలను అర్థము చేసుకోవడము దాని విషయాలు. అంతకు ముందు సంవత్సరమే, 2019లో, ఈ సంస్థ కృత్రిమ మేధలో బి.టెక్. చదువు ప్రారంభించినది. దేశములో అదే మొదటిది.

కొత్తదనగానే అన్నిటా పెద్దదని మనము అనుకుంటాము. ట్రాన్సిస్టర్లు చూస్తే నిజమే: వి100లో 2,110 కోట్లు, ఏ100లో 5,420 కోట్లు. రెంటి సిలికాను ఫలకము వైశాల్యము మాత్రము దాదాపు సమానము: 815 చదరపు మిల్లీమీటర్లు, 826 చదరపు మిల్లీమీటర్లు. అదే చోటులో రెండున్నర రెట్లు కూర్చారు. కాని గడియారము? పాతదానిది సెకనుకు 153 కోట్ల స్పందనలు, కొత్తదానిది 141 కోట్లు. తగ్గినది! సాధారణ కోర్లు 5,120 నుండి 6,912కు మాత్రమే పెరిగినవి. 'టెన్సరు కోర్లు' అనే ప్రత్యేక అంగాలు 640 నుండి 432కు తగ్గినవి. మరి ఆ ట్రాన్సిస్టర్లన్నీ ఎక్కడికి పోయినవి?

సమాధానము ఆ టెన్సరు కోర్లలోనే ఉన్నది. టెన్సరు కోరు ఒక్కొక్క సంఖ్యను కాక మాత్రికలను హెచ్చవేస్తుంది. వి100లో ఒక టెన్సరు కోరు ఒక్క స్పందనలో నాలుగు వరుసల మాత్రికను మరొక నాలుగు వరుసల మాత్రికతో హెచ్చవేసి మూడవదానికి కూడుతుంది. కాగితము మీద చేసి చూడండి, 64 హెచ్చవేతలు అవుతాయి. ఏ100లో ఒక్కొక్క టెన్సరు కోరు చేసేవి 256. ఇప్పుడు లెక్క వేయండి. పాతది: 640ని 64తో, 2తో, 153 కోట్లతో హెచ్చవేస్తే సుమారు 125 లక్షల కోట్లు. కొత్తది: 432ని 256తో, 2తో, 141 కోట్లతో హెచ్చవేస్తే సుమారు 312 లక్షల కోట్లు. రెండున్నర రెట్లు. కంపెనీ ప్రకటనలలో కనిపించే సంఖ్యలు ఇవే. వాటిని నమ్మనక్కరలేదు, తొమ్మిదవ తరగతి విద్యార్థి స్వయముగా రాబట్టుకోవచ్చును.

అయితే ఈ 312 ఏ రకమైన లెక్కలు? ఇక్కడ ఉపాధ్యాయులు కొంచెము ఆగి వివరించాలి. ఈ సంఖ్యలు ఒక్కొక్కటి 16 బిట్లలో వ్రాసినవి. అందులో గుర్తుకు ఒకటి, ఘాతానికి అయిదు పోగా, అంకెలకు మిగిలేవి పది. దాచిన ఒకటితో పదకొండు. దశాంశ పద్ధతిలో సుమారు మూడంకెల సూక్ష్మత. దీని ఫలితము విచిత్రముగా ఉంటుంది. ఈ పద్ధతిలో 2,048కి 1 కూడితే 2,048 వస్తుంది! 2,049 అనే సంఖ్యను వ్రాయడానికి చోటు లేదు. ఒక్కొక్కటి కూడుకుంటూ పోతే వేయి మంది పిల్లలు చేరినా హాజరు 2,048 దగ్గరనే నిలిచిపోతుంది. అందుచేతనే టెన్సరు కోరులో హెచ్చవేత 16 బిట్లలో జరిగినా, కూడికను 32 బిట్లలో చేయిస్తారు. యంత్రానికి ఛాయాచిత్రాలో భాషో నేర్పడానికి ఈ మోటు సూక్ష్మత చాలును. ఒక వంతెన బలాన్ని, ఒక మందు అణువు శక్తిని లెక్కించడానికి చాలదు. వాటికి 32 లేక 64 బిట్లు కావాలి.

32 బిట్ల సాధారణ లెక్కలలో పాతదాని వేగము 15.7 లక్షల కోట్లు, కొత్తదానిది 19.5. నాలుగవ వంతు హెచ్చు మాత్రమే. ఇప్పుడు విద్యుత్తు కూడా చూడండి. వి100 గరిష్ఠముగా 300 వాట్లు తీసుకుంటుంది, ఏ100 400 వాట్లు. మన మీటరు భాషలో చెప్పాలంటే రోజంతా పూర్తిగా పనిచేస్తే మొదటిది 7.2 యూనిట్లు, రెండవది 9.6 యూనిట్లు. ఒక్కొక్క వాటుకు ఎన్ని లెక్కలు? 32 బిట్లలో పాతది 5,200 కోట్ల పైచిలుకు, కొత్తది 4,900 కోట్లు. అనగా ఈ పనికి కొత్త కార్డు రవంత వెనుకబడినది! 16 బిట్ల మాత్రికలలో మాత్రము పాతది సుమారు 42,000 కోట్లు, కొత్తది 78,000 కోట్లు. 64 బిట్లలో సాధారణ కోర్లతో 7.8 నుండి 9.7 లక్షల కోట్లకు పెరిగినది. లెక్కను మాత్రికల రూపములో పెట్టగలిగితే 19.5 వస్తుంది. కాబట్టి కొత్త కార్డు మంచిదా అన్న ప్రశ్నకు, ఏ పనికి అని ఎదురు ప్రశ్న వేయడమే సరైన జవాబు.

లెక్కల వేగము ఒక్కటే చాలదు. పటాన్‌చెరులో ఒక కర్మాగారము ఉన్నదనుకుందాము. లోపల వంద యంత్రాలు, గేటు మాత్రము ఒక లారీ పట్టేంత. ముడిసరుకు రాక యంత్రాలు సగము కాలము ఊరక ఉంటాయి. కార్డులో మెమరీ నుండి కోర్లకు సంఖ్యలు వచ్చే దారియే ఈ గేటు. 8800లో దాని వెడల్పు సెకనుకు 86 గిగాబైట్లు, వి100లో 900, ఏ100లో 1,555. బాగా పెరిగినట్లే ఉన్నది. కాని 8800 గేటులో వచ్చిన ప్రతి బైటుకు నాలుగు లెక్కలు చేస్తే చాలు, కోర్లకు తీరిక ఉండేది కాదు. వి100లో టెన్సరు కోర్లు ఊరక ఉండకూడదంటే ప్రతి బైటుకు 139 లెక్కలు చేయాలి, ఏ100లో 200. కోర్లు పెరిగినంత వేగముగా గేటు పెరగలేదు. మాత్రికల గుణకారము ఇక్కడ ఆదుకుంటుంది. వేయి వరుసల రెండు మాత్రికలలో ఉన్న సంఖ్యలు 20 లక్షలు. హెచ్చవేతలు 100 కోట్లు. లోపలికి వచ్చిన ఒక్కొక్క సంఖ్య వేయి మార్లు ఉపయోగపడుతుంది. ఏ100లో ఆవరణ లోపలి గోదామును కూడా, అనగా ఫలకము మీదనే ఉండే చిన్న మెమరీని, 6 మెగాబైట్ల నుండి 40కి పెంచారు. పోయిన ట్రాన్సిస్టర్లలో మంచి భాగము ఇక్కడ ఉన్నది.

ఈ గేటు సంగతి తెలుగుకు నేరుగా తగులుతుంది. మాటకు మాట చెప్పే భాషా యంత్రము ఒకటి 700 కోట్ల సంఖ్యలతో కట్టినదనుకోండి. ఒక్కొక్కటి రెండు బైట్లు. మొత్తము 14 గిగాబైట్లు. అది ఒక తునక పలకడానికి ఆ 14 గిగాబైట్లనూ ఒకసారి గేటు దాటించాలి. కాబట్టి ఒక్కరికి జవాబు చెప్పేటప్పుడు వి100 సెకనుకు 64 తునకలకు మించి పలకలేదు, ఏ100 111కి మించదు. తునక అనగా పూర్తి పదము కాదు, యంత్రము విరుచుకున్న ముక్క. నేటి యూనికోడు పద్ధతిలో వాడుకలో ఉన్న వ్రాతలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. జిస్ట్ కార్డు కాలములో ఆరు బైట్లకు సరిపోయిన మన 'స్త్రీ' ఇప్పుడు పద్దెనిమిది బైట్లు! ఇంగ్లీషు కోసము తయారు చేసిన యంత్రాలు అటువంటి మాటను అనేక ముక్కలుగా విరుస్తాయి. అదే అర్థానికి తెలుగులో ముక్కలు ఎక్కువ, కాలము ఎక్కువ, కరెంటు ఎక్కువ. కార్డు ఎంత కొత్తదైనా ఈ నష్టము దానంతట తీరదు. తెలుగు మాటలను తెలుగు తీరులో విరిచే పట్టికను మనవారే కూర్చాలి. 1980లలో కార్డు లోపల చేసిన భాషా పరిశ్రమను ఇప్పుడు కార్డు బయట చేయవలసి వస్తున్నది.

అట్టి యంత్రానికి కొత్తగా నేర్పాలంటే ఇంకా ఎక్కువ కావాలి. సంఖ్యతో పాటు దానిని ఏ దిశగా సవరించాలి, ఇంతవరకు సవరణలు ఎట్లా నడిచినవి అనే పద్దులు కూడా దాచాలి. మామూలు పద్ధతిలో సంఖ్యకు సుమారు 16 బైట్లు అవుతాయి. 700 కోట్లకు 112 గిగాబైట్లు. 32 గిగాబైట్ల వి100 ఒక్కటి చాలదు; నాలుగు కావాలి. 40 గిగాబైట్ల ఏ100 మూడు కావాలి. నడిమి లెక్కలకు చోటు వేరు. అందుకే ఇది గదిలో ఒక కార్డు పెట్టుకుని చేసే పని కాక, కందిలోనో పూనాలోనో ఉన్న మహాగణకము పని అయినది.

కంది అన్నప్పుడు మరొక కంది గుర్తుకు వస్తుంది. 1972లో పటాన్‌చెరు దగ్గర ఏర్పడిన ఇక్రిశాట్, మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ, 2011లో కందిపంట జన్యుపటాన్ని ప్రపంచ శాస్త్రజ్ఞులతో కలిసి వెలువరించినది. అందులో 48,680 జన్యువులు గుర్తించారు. చించి కలగలిపిన పుస్తకపు ముక్కలను అంచులు చూసి అతికినట్లు కోట్ల కొలది డి.ఎన్.ఎ. తునకలను అతికే పని అది. ఇటువంటి అతుకుల పనిలో డ్రిల్లు వరుస అంతగా ఉపకరించదు. ప్రతి తునక దగ్గరా 'ఇది దేనికి అతుకుతుంది' అనే వేరు నిర్ణయము, మెమరీలో ఎక్కడెక్కడికో దుముకులాట. పెద్ద మెమరీ గల నిపుణ గుమాస్తాలే దీనికి తగినవారు. పరమ్ యంత్రాలలో కార్డులు లేని గణకాలు, పెద్ద మెమరీ గణకాలు వేరుగా ఉంచడానికి కారణము ఇదే. పటాన్‌చెరులో తయారయ్యే మందుల అణువుల కదలికను అనుకరించాలంటే మాత్రము కార్డు శ్రేష్ఠము. లక్ష పరమాణువులకు ఒకే సూత్రము గనుక.

ఏ100 కూడా నేడు కొత్తది కాదు. 2022లో హెచ్100 వచ్చినది. ట్రాన్సిస్టర్లు 8,000 కోట్లు, విద్యుత్తు 700 వాట్ల వరకు, అనగా రోజుకు 16.8 యూనిట్లు. ఇక పాత వి100 సంగతి. దాని కోర్లు అరిగిపోలేదు. 32 బిట్ల లెక్కలో వాటుకు చేసే పనిలో తన తమ్మునికి తీసిపోదని పైన చూశాము. అయినా 2025 ఆగస్టులో ఎన్విడియా విడుదల చేసిన కుడా 13వ సంపుటములో వోల్టా తరానికి మద్దతు తీసివేశారు. ఆ కార్డులు ఉన్నచోట 12వ సంపుటముతోనే పని నడుపుకోవాలి. కొత్త సంపుటము కోసము వ్రాసిన ప్రోగ్రాము వాటిలో నడవదు. రామచంద్రాపురములో చేసిన టర్బైను ముప్పది ఏండ్లు తిరుగుతుంది; దాని ఆయువు లోహము మీద, నూనె మీద ఆధారపడుతుంది. ఈ కార్డు ఆయువును ఎనిమిదవ ఏట నిర్ణయించినది లోహము కాదు, దానిని చేసిన కంపెనీ వ్రాసే ప్రోగ్రాము. ప్రజాధనముతో మహాగణకము కొనేటప్పుడు లెక్కల వేగము, మెమరీ గేటు, యూనిట్లతో పాటు ఈ నాలుగవ పద్దు కూడా వేసుకోవలసి ఉంటుంది.